పెట్టె కాళ్ళవైపు

ఏలూరు పవర్‌పేటలో చిట్టిబాబు ఫోటో తీస్తే తిరుగుండదని పేరు. ఆ పేరులో సగం జనం ఇచ్చింది, మిగతా సగం ఆయన తనకు తానే ఇచ్చుకున్నది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఊరంతటికీ చిట్టిబాబే. రెండు వేల మూడో సంవత్సరం అది. చుట్టుపక్కల స్టూడియోల వాళ్ళు ఒక్కొక్కరే డిజిటల్ కెమెరాలు కొనుక్కుని, తీసిన బొమ్మను అప్పటికప్పుడు వెనక గాజులో చూసుకుని మురిసిపోతున్నారు. “తీశాక చూసుకోవడం ఏంటండీ? తీసేముందు చూడాలి గానీ!” అని చిట్టిబాబు వాళ్ళను దెప్పేవాడు. ఆ మాటే తర్వాత ఆయన గొంతుకు అడ్డం పడింది. చెప్తాను.

ఆయన కెమెరా మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన ఒక నర్సు దొరసానిది. చిట్టిబాబు తండ్రి ఆవిడ దగ్గర వంట చేసేవాడు. సొంత దేశానికి వెళ్ళిపోతూ ఆవిడ ఆ జర్మన్ కెమెరా, రెండు లెన్సులు ఆ వంటాయన చేతిలో పెట్టింది. కెమెరా కంటే లెన్సులు పాతవి. అంతకుముందు ఆవిడకు ఇంకో కెమెరా ఉండేదట, దానికి లెన్సును సీసా మూతలా మర తిప్పి బిగించాలి. కొత్త కెమెరాకు మర లేదు, గాడిలో పెట్టి కాస్త తిప్పితే టక్కుమని పడుతుంది. పాత లెన్సులు పారేయడానికి మనసొప్పక ఆవిడ మధ్యన ఒక ఇత్తడి రింగు వేసుకుంది. లెన్సును ముందు రింగులోకి మర తిప్పడం, ఆ రింగును కెమెరా గాడిలో పెట్టడం, అంతే పని. చేతిగాజంత పల్చటి రింగు.

ఆ కెమెరాలో లెన్సులోంచి చూడరు. పక్కన చిన్న కిటికీ ఉంటుంది, అందులో తెల్లటి గీతలు నలుపలకలుగా కనిపిస్తాయి. గీతల లోపల ఉన్నది ఫోటోలో పడుతుంది, బయట ఉన్నది పడదు. ఏ లెన్సుకు ఏ గీతలు చూపించాలో కెమెరాకు చెప్పేది ఆ రింగే. దొరసాని రింగు యాభై నెంబరు లెన్సు కోసం చేసినది, దానికి పెద్ద గీతలు వస్తాయి. రెండోది తొంభై. అది దూరాన్ని దగ్గరికి లాగుతుంది, కొంచెమే పట్టిస్తుంది, దానికి చిన్న గీతలు కావాలి. అంటే ఇంకో రింగు కావాలి. అది లేదు.

లేకపోతేనేం, చిట్టిబాబు దగ్గర ఉపాయముంది. కెమెరా ముందు భాగంలో చిన్న మీట ఉంటుంది. దాన్ని వేలితో నొక్కిపెడితే తొంభై గీతలు వస్తాయి, వదిలేస్తే స్ప్రింగు లాగేసి మళ్ళీ యాభై గీతలే. కాబట్టి తొంభై లెన్సు వేసినప్పుడల్లా ఆయన వేలు ఒకటి ఆ మీట మీదే. “ఆ రెండో రింగేదో తెప్పించుకోరాదా?” అని భార్య క్యాథరిన్ ఎన్నోసార్లు అంది. “వేలుండగా రింగెందుకే!” అనేవాడు ఈయన. మాటకు మాట చెప్పడంలో మాత్రం ఎవరికీ తీసిపోడు.

ఆ వానాకాలం యాభై లెన్సులో బూజు పట్టింది. కొల్లేటి మీద నుంచి వచ్చే తేమ గాలికి ఏలూరులో చెప్పులకే బూజు పడుతుంది, గాజుకు పట్టడంలో వింతేముంది? బెజవాడలో బాగుచేసే ఆయనకు ఇచ్చొస్తే నెల దాటినా తిరిగి రాలేదు. తొంభైతోనే నెట్టుకొస్తున్నాడు. నలుగురున్న ఫోటోకు కూడా వీధి అవతలికి పోయి నిలబడాల్సి వచ్చేది.

ఆగస్టులో ఒక పొద్దున తాడేపల్లిగూడెం నుంచి నెల్సన్ అనే ఆయన ఫోన్ చేశాడు. “మా నాన్నగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ. కొల్లేటి లంకలో ఉన్నారు. పెట్టె దగ్గర ఫోటోకి మీరే రావాలండీ” అన్నాడు.

చర్చి వాళ్ళ ఇళ్ళలో శవపెట్టె దగ్గర ఫోటో తియ్యకుండా మనిషిని మట్టిలో పెట్టరు. తలవైపు పెట్టె కింద రెండు ఇటుకలు పెట్టి, మొహం కనపడేలా ఎత్తుతారు. కుటుంబం వెనక వరసగా నిలబడుతుంది. తల దగ్గర భార్య, పక్కన పెద్దకొడుకు, కోడలు, అలా కాళ్ళవైపుకు. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసి ఎవరు ఏమవుతారో చెప్పేయొచ్చు. పెళ్ళి ఫోటోలో పక్కింటివాడైనా దూరతాడు గానీ పెట్టె ఫోటోలో అలా కుదరదు. అది గోడకెక్కిందంటే ఇక రేషన్ కార్డు కింద లెక్క.

పోయినాయన రాజరత్నం మేష్టారు. గూడెంలో భార్య సరోజమ్మ, కొడుకు నెల్సన్ ఉండగా, ఇరవై ఏళ్ళ కిందట లంక బడికి బదిలీ అయి వచ్చాడు. బడి ఆయా సలోమి చేతి కూడు తిన్నాడు, ఆవిడతోనే ఉండిపోయాడు. బిందు అని పన్నెండేళ్ళ కూతురు. పెళ్ళి లేదు, చర్చి పుస్తకంలో పేరు లేదు. చివరి రెండేళ్ళు ఆయన పక్షవాతంతో మంచం పట్టాడు. ఆ రెండేళ్ళలో గూడెం నుంచి ఒక్కరూ రాలేదు. పోయాడని తెలిశాక మాత్రం వ్యాను, పెట్టె, పాస్టరు విశ్వాసం అయ్యగారితో సహా దిగారు. కుటుంబ సమాధుల్లోనే పెట్టుకుంటామన్నారు.

లంక జనం ఊరుకోలేదు. బడి ముందు పెట్టెకు అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళ పెద్ద సూర్యనారాయణ కండువా దులుపుకుని, “రెండేళ్ళపాటు ఆయనకి ఎత్తిపోసింది ఈ సలోమేనండీ. మీరెవరూ చెంబుడు నీళ్ళివ్వలేదు. ఈవిడకి చోటు లేకపోతే ఈ పెట్టె మా గట్టు దాటదండి” అన్నాడు. గొంతు పెంచలేదు, అండీ వదల్లేదు, కదల్లేదు కూడా.

మూడు గంటలు నడిచింది పంచాయితీ. చివరికి విశ్వాసం అయ్యగారు తేల్చాడు. సలోమి గూడెం రాకూడదు, సమాధి దగ్గర కనపడకూడదు. దానికి బదులు ఇక్కడ తీసే ఫోటోలో నిలబడుతుంది. తలవైపు కాదు, కాళ్ళవైపు. చివరన. కుటుంబానికి ఒక బారెడు ఎడంగా.

“నాకదే చాలండీ” అంది సలోమి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. “ఓ కాపీ నాకూ ఇప్పించండి. నా బిడ్డకి చూపించుకుంటాను.”

చిట్టిబాబు అదంతా పక్కనే నిలబడి విన్నాడు. ఆయనకు ఒళ్ళు మండింది. వంటవాడి కొడుకు కదా, వాకిలి చివర నిలబడటమంటే ఏమిటో చిన్నప్పుడే తెలుసు. ఈవిడని మాత్రం ఫోటోలో శుభ్రంగా నిలబెడతాను, చచ్చేదాకా గూడెంలో గోడ మీద చూసుకుని ఏడవనీ వీళ్ళని, అనుకున్నాడు.

తొంభై లెన్సు కాబట్టి దూరం పోవాలి. బడి ముందున్న బోదె కాలువ దాటి అవతలి తూము మీదికి ఎక్కాడు. సన్నగా జల్లు, కొల్లేటి గాలి. మీట నొక్కిపెట్టి కిటికీలో కన్ను పెట్టాడు. చిన్న గీతల్లో పెట్టె, మేష్టారి మొహం, సరోజమ్మ, నెల్సన్, కోడలు, మనవలు అందరూ కొలిచినట్టు సరిపోయారు. సలోమి లేదు. గీతకు చాలా అవతల, బిందును పట్టుకుని, ఎవరో పరాయి మనుషుల్లా ఉన్నారు తల్లీ కూతురూ.

తూము మీద వెనక్కి పోవడానికి ఇంకో అడుగు లేదు, వెనకంతా నీళ్ళు. “అమ్మా, ఇటు జరుగు!” అని అరిచాడు. గాలికి వినపడలేదు. “మీరు కానివ్వండి చిట్టిబాబుగారూ, వాన వచ్చేస్తోంది” అని అటు నుంచి నెల్సన్ తొందర. వీడికి కావాల్సిందదేగా అని చిట్టిబాబుకు మండిపోయి, చెయ్యి పైకెత్తి, “రామ్మా, లోపలికి రా” అని పెద్దగా ఊపాడు. మీట మీద ఉన్న చెయ్యి అదే.

సలోమి ఒకసారి నెల్సన్ వంక చూసింది. ఒక్క అడుగు వేసింది. చెయ్యి చాపి పెట్టె చివర మీద, ఆయన పాదాలున్న చోట వేసింది. బిందు ఆవిడ కొంగు పట్టుకుని వెనకే జరిగింది.

చిట్టిబాబు మళ్ళీ కన్ను పెట్టాడు. అబ్బ! అందరూ గీతల్లోనే ఉన్నారు. తల్లీ కూతురూ ఇద్దరూ లోపలే, పైగా అటూ ఇటూ కాస్త జాగా కూడా మిగిలింది. ఒక్క అడుగుకే అంత దూరం ఎలా కలిసొచ్చిందని ఆయన తనను తాను అడగలేదు. ముప్పై ఏళ్ళ చెయ్యి, అడుగుతుందా? ఒకటి కొట్టాడు, ఫిలిం తిప్పి రెండోది కొట్టాడు. తల్లీ, నీ చోటు నీకు పడిందమ్మా, అనుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

పెట్టె మూశారు. వ్యాను ఎక్కించారు. గట్టు మలుపు తిరిగేదాకా సలోమి చూస్తూ నిలబడింది, ఆ తర్వాత కూడా నిలబడే ఉంది.

మూడో రోజు కలర్ ల్యాబు నుంచి కవరు వచ్చింది. చిట్టిబాబు కుర్చీలో కూర్చుని తీరిగ్గా విప్పాడు. ఫోటో బ్రహ్మాండంగా ఉంది. మేష్టారి మొహం మీద చినుకులు కూడా తెలుస్తున్నాయి. పెట్టె చివరి దాకా చూశాడు. పెట్టె అంచు మీద నాలుగు వేళ్ళున్నాయి. వేళ్ళ తర్వాత ఏమీ లేదు. ఫోటో అక్కడితో అయిపోయింది. రెండోదీ అంతే.

“కోసేశారు వెధవలు!” అని ల్యాబు వాళ్ళను తిట్టుకుంటూ నెగెటివ్ తీసి వెలుతురుకు పట్టాడు. అందులోనూ నాలుగు వేళ్ళే. అప్పుడు బీరువాలోంచి కెమెరా తీశాడు. తొంభై లెన్సు ఇంకా దానికే ఉంది. మీట నొక్కాడు, చిన్న గీతలు. వదిలాడు, పెద్ద గీతలు. నొక్కాడు. వదిలాడు. గాలిలోకి చెయ్యెత్తి, “రామ్మా, లోపలికి రా” అని తనే మెల్లిగా అనుకున్నాడు. ఎత్తిన చెయ్యి మీటను వదిలేసింది. పెద్ద గీతల్లో ఆవిడ కనపడింది. లెన్సు మాత్రం తొంభై, దానికి తెలిసిందే అది తీసుకుంది.

క్యాథరిన్ వచ్చి చూసి, “అయ్యో, పాపం! ఆవిడకి ఏం చెప్తారండీ?” అంది.

“నోర్ముయ్” అన్నాడు.

మర్నాడు నెల్సన్ వచ్చాడు. ఫోటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మొహం విచ్చుకుంది. చుట్టూ ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి, “పనితనం అంటే మీదండీ” అన్నాడు. “అంతమందిలో మేం నోరు తెరిచి అడగలేకపోయాం. మీరే అర్థం చేసుకున్నారు. చెయ్యి ఊపి పిలిచారు కూడా, లంక వాళ్ళకి అనుమానం రాకుండా! అమ్మ చూస్తే ఎంత సంతోషిస్తుందో.”

చిట్టిబాబుకు చెంప మీద కొట్టినట్టయింది. కాదండీ, పొరపాటు జరిగింది అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చిట్టిబాబు ఫోటోలో పొరపాటా? పవర్‌పేట అంతా నవ్వదూ? డిజిటల్ వాళ్ళు పండగ చేసుకోరూ?

“ఇక్కడేవో వేళ్ళు కనపడుతున్నాయి. పెద్దది చేసినప్పుడు అవి కాస్త తీసేయించండి. పదకొండో రోజు ప్రార్థన కూటానికి కావాలండీ” అన్నాడు నెల్సన్.

“ఆయ్, అలాగేనండీ” అన్నాడు చిట్టిబాబు. అన్నాడండీ, ఆ మాట! అనడమే కాదు, తన చేత్తోనే అంగుళం మేర కోసి, బంగారు రంగు ఫ్రేము కట్టించి పంపాడు.

ఆ తర్వాత రెండు రోజులకు సలోమి వచ్చింది. బిందుకు ఇస్త్రీ చేసిన స్కూలు బట్టలు తొడిగింది. సంచిలో ఒక ఖాళీ ఫోటో ఫ్రేము. వన్‌టౌన్‌లో ముందే కొనుక్కుని వచ్చింది. “వందనాలండీ” అని గుమ్మంలోనే నిలబడింది.

చిట్టిబాబు కోయని కాపీ ఇచ్చాడు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని అందుకుంది. ముందు మేష్టారి మొహం చూసింది. తర్వాత చూపు మెల్లిగా కాళ్ళవైపు వెళ్ళింది. ఫోటో అంచు దగ్గర ఆగింది. వెనక్కి తిప్పి చూసింది, వెనక ఏముంటుంది తెల్లకాగితం తప్ప.

“ఇది కాదండీ. ఇంకోటి ఉంటుంది చూడండి. రెండు తీశారు గదండీ” అంది.

“రెండూ ఇంతేనమ్మా.”

ఆవిడ అరవలేదు. “ఆళ్ళు చెప్పారాండీ మీకు, ఇలా తియ్యమని?” అని అడిగింది. అడగటంలో కోపం కూడా లేదు, అలా జరగడం మామూలే అన్నట్టు అడిగింది. దాంతో చిట్టిబాబు తట్టుకోలేకపోయాడు. కెమెరా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, బిందును గుమ్మం పక్కన గోడకు ఒక ఓరగా నిలబెట్టాడు.

“ఇందులో చూడమ్మా. తెల్ల గీతలున్నాయా? పాప గీతల్లో ఉందా?”

“ఉందండీ.”

ఆయన చెయ్యి చాచి మీట నొక్కాడు. “ఇప్పుడు?”

“బయటికి పోయిందండీ.”

“ఈ లెన్సుకి ఇవే అసలు గీతలు. నిన్ను పిలుద్దామని చెయ్యెత్తాను, మీట జారిపోయింది. ఉన్నావనుకుని కొట్టేశాను. నా తప్పేనమ్మా. ఎవరూ చెప్పలేదు. నా పొగరే నా కొంప ముంచింది.”

సలోమి కన్ను తీయకుండా అలాగే చూస్తోంది. “అంటే నేను మీకు కనపడ్డానాండీ?”

“కనపడ్డావమ్మా. ఇద్దరూ కనపడ్డారు.”

“అయితే ఆ ముక్క ఆళ్ళ ముందు చెప్పండి” అంది కెమెరా దించి. “ఎల్లుండి కూటం పెడుతున్నారంట. నన్ను రానివ్వరు, గేటు దగ్గర నిలబడతాను. నా బిడ్డ కూడా ఇంటుంది. నేను నిలబడ్డానని, మీరు చూశారని చెప్పండి, చాలండీ. బొమ్మ లేకపోతే పోయింది, మాటైనా ఉంటుంది.”

ఆ రెండు రాత్రులూ ఆయనకు కంటి మీద కునుకు లేదు. మూడో రోజు పొద్దున గూడెం బస్సెక్కాడు. ఉంగుటూరు దాటేసరికి చెమటలు పట్టాయి. ముప్పై ఏళ్ళ పేరు, ఒక్క మాటతో పోతుంది. పోతే పోనీ, అనుకున్నాడు. బస్సు దిగేసరికి ఆ పోనీ అనుకోవడంలోనే కాస్త సుఖం కూడా దొరికింది.

ఇంటి ముందు షామియానా వేశారు. వేదిక మీద ఆ ఫోటో, బంగారు ఫ్రేములో, పూలదండతో. కాళ్ళవైపు, వేళ్ళకు ముందే, ఫోటో శుభ్రంగా అయిపోయింది. గేటు బయట, కరెంటు స్తంభం పక్కన, సలోమి, బిందు. పాటలయ్యాయి, మేష్టారి గురించి సాక్ష్యాలు మొదలయ్యాయి. నెల్సన్ మైకు పట్టుకుని, “ఈ జ్ఞాపకాన్ని మాకిచ్చిన చిట్టిబాబుగారు కూడా రెండు మాటలు చెప్తారు” అన్నాడు.

చిట్టిబాబు లేచాడు. నెల్సన్ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. “ఈ ఫోటోలో నా తప్పుందండీ. కాళ్ళవైపు సలోమిగారు నిలబడ్డారు. వాళ్ళ పాప కూడా. పెద్దల ఒప్పందం ప్రకారమే నిలబడ్డారు. నేను కళ్ళారా చూశాను. నేనే చెయ్యెత్తి పిలిచాను. ఆ చెయ్యి ఎత్తడంలో కెమెరా మీట వదిలేశాను. గీతలు మారిపోయాయి. ఆవిడ ఫోటోలో లేకపోవడానికి కారణం నేను. పెట్టె మీద ఆవిడ వేళ్ళు పడితే, వాటిని కూడా కోసింది నేనే. ఆవిడ అక్కడ ఉన్నారండీ.”

సరోజమ్మ తల దించుకుంది. నెల్సన్ మొహం నల్లబడింది. జరిగింది, మాట గేటు దాకా చేరింది, అనుకుని చిట్టిబాబు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు విశ్వాసం అయ్యగారు లేచి, మెల్లిగా, ప్రేమగానే మైకు అందుకున్నాడు. “విన్నారా సంఘమా?” అన్నాడు. “మనం మనుషులం. మెత్తబడి ఒప్పుకున్నాం. ఈ సోదరుడు జాలిపడి చెయ్యెత్తి పిలిచాడు. ముప్పై ఏళ్ళలో ఏనాడూ తప్పని చెయ్యి ఆ ఒక్క క్షణంలో ఎందుకు తప్పింది? ఆ చిన్న మీట మీద ఉన్న వేలు ఎవరిది? వివాహ బంధాన్ని కాపాడినవాడు ఎవరు?”

“ప్రభువే!” అన్నారెవరో ముందు వరసలోంచి.

“కాదండీ, అది స్ప్రింగండీ!” అన్నాడు చిట్టిబాబు. చేతిలో మైకు లేదు. “అయ్యగారూ, స్ప్రింగు లాగేస్తుందండీ, ఎవరు వదిలినా లాగేస్తుంది!”

“దేవునికి స్తోత్రం చెప్దామా?”

“ఆమెన్!” అంది షామియానా అంతా. సరోజమ్మ తలెత్తింది. నెల్సన్ వచ్చి చిట్టిబాబును గట్టిగా కౌగిలించుకున్నాడు. కంజీరా మోగింది. ఆ పాటలో చిట్టిబాబు ఇంకేం అరిచాడో ఆయనకే వినపడలేదు.

తోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. స్పీకరు స్తంభానికే కట్టారు, సలోమి తల మీదే. ఆవిడ ప్రతి మాటా విన్నది. బిందు తల్లి కొంగు పట్టుకుని, “అమ్మా, మనల్ని దేవుడే తీసేశాడా?” అని అడుగుతోంది.

“చెప్పానమ్మా. నేను చెప్పాను” అన్నాడు చిట్టిబాబు రొప్పుతూ.

“ఇన్నానండీ” అంది సలోమి. సంచిలోంచి ఫ్రేము తీసింది. అందులో ఆ కోయని ఫోటో పెట్టుకుంది, నాలుగు వేళ్ళతో సహా. దాన్ని ఆయన చేతిలో పెట్టేసింది. “మీరు చెప్పకపోయినా బాగుండేదండీ. మీ తప్పని అనుకుని ఊరుకునేదాన్ని. ఇప్పుడు దేవుడిదంట. దేవుడి మీద నేనెవరికి చెప్పుకోను?”

బిందు చెయ్యి పట్టుకుని బస్టాండు వైపు నడిచింది. లోపల రెండో చరణం అందుకున్నారు.